పక్క చెక్కలు లేని బండి

అర్ధవీడు,
14 జూలై 2024

అన్నా,

ములాఖత్‌కు రావద్దన్నావు. ఫోన్లో నా గొంతు వినబడగానే ఏడుపొస్తుంది, వెనక క్యూలో ఉన్నవాళ్ళు నవ్వుతారు అన్నావు. సరే, ఉత్తరమే రాస్తున్నాను. జైలువాళ్ళు విప్పి చదివాకే నీ చేతికిస్తారు కదా, కాబట్టి ముందు వాళ్ళకొక నమస్కారం. అయ్యా, ఇందులో బండి గురించి తప్ప ఏమీ లేదు.

అవును, మన సరుకు బండి ఇంటికొచ్చింది. కోర్టు కాగితం పట్టుకుని స్టేషనుకు పోతే రైటరు నన్నూ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, "నడిపేటోళ్ళు ఎవరమ్మా?" అన్నాడు. "నడవదు సార్, ఈడ్చుకుపోతాం" అన్నాను. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాం. స్టేషను వెనక ఎండకూ వానకూ అలాగే పడి ఉంది కదా, సీటు స్పాంజి ఎలుకలు తినేశాయి. స్టీరింగు చుట్టూ కాకర తీగ అల్లుకుని కాయలు కూడా కాసింది. వేపుడు చేసుకుందామే అంటే అమ్మ నన్ను కొట్టినంత పని చేసి, వాటిని తెంపి దూరంగా పారేసింది.

వెనక చెక్క బాడీ చెయ్యి వేస్తే పొడిపొడిగా రాలిపోతోంది. వెనక తలుపు మాత్రం లేదు. అది కేసు వస్తువట. కోటమ్మత్త బండిలోంచి పడిపోయిన రోజు, ఊడిన గడియకు బదులు నువ్వు కట్టిన నైలాను తాడుతో సహా కోర్టులోనే ఉందట. ఇది రాయాలా వద్దా అనిపించింది. రాయకపోతే మాత్రం నీకు తెలియనిదా?

ఇంజను గట్టిది అన్నా. బ్యాటరీ మార్చి తాళం తిప్పితే దగ్గి దగ్గి పలికింది. నాయన కొన్న బండి, అచ్చం నాయన లాగే దగ్గింది. అప్పుడే అనుకున్నాను. కంభంలో నేను పనిచేసే ఎరువుల దుకాణానికి ఎదురుగా మోషే వెల్డింగు షాపుంది. అతని చేత వెనక భాగమంతా ఇనుముతో కొత్తగా చేయిస్తాను. ఫిబ్రవరితో నీ శిక్ష అయిపోతుంది. నువ్వు మన ఊరికే రావాలి, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా మన బండి మీదే బతకాలి. నాకు కావలసింది అదొక్కటే.

గోపిక


జిల్లా జైలు,
3 ఆగస్టు 2024

గోపికా,

నీ జాబు అందింది. నువ్వు పెట్టిన నమస్కారం చదివి ఇక్కడి సారు నవ్వినాడు. "మీ చెల్లెలు గట్టి పిల్లే" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

బండిని తుక్కు కింద అమ్మేయి.

నాకు వంటశాలలో పని ఇచ్చినారు. పొద్దున లేస్తే గంగాళాలు, పెద్ద గరిటె. నా పక్కన పడుకునేటోడు వెలిగండ్లాయన. నిద్దట్లో గొర్రెల్ని అదిలిస్తుంటాడు, హేయ్, హేయ్ అని. నేను నిద్దట్లో ఏమంటానో అడిగితే మాత్రం చెప్పడు. నీకెందుకులే అంటాడు.

కోటమ్మత్త వరసకు మాత్రమే అత్త కాదు. అమ్మ చేనుకు పోతే నాకు అన్నం కలిపి పెట్టింది ఆమెనే. ఆ రోజు గూడా వెనక నుంచి, "కేశవులూ, మెల్లగా పోరా, నా సద్ది గిన్నె దొర్లిపోతాంది" అనింది. నేను నవ్వినా. అంతలోనే మలుపు.

నేను ఊరికొస్తానని నువ్వెట్ల అనుకున్నావు? ఏ మొగం పెట్టుకోని అంకాలమ్మ వాకిలి ముందర నుంచి నడవాల? నా వల్ల కోటమ్మత్తను, కన్నతల్లిని, పోగొట్టుకున్న పిల్ల ఆమె. నువ్వు చదువుకున్నదానివి, నీకన్నీ తేలిగ్గా కనపడతాయి. అమ్మేయి. ఇదే నా మాట.

కేశవులు

నా మాట వినకుండా చేయిస్తే మాత్రం, బండి అడుగున ఉండే ఛాసిస్ మీద వెల్డింగు రాడ్డు తాకనీయొద్దు. తాకిన చోటనే రేపు పగులుతుంది. మధ్యలో రబ్బరు పట్టీ వేసి బోల్టులతో బిగించాల. మోషేకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే చెప్పు.


అర్ధవీడు,
25 ఆగస్టు 2024

అన్నా,

"అమ్మేయి" అన్నాక సంతకం కింద రాశావే, ఆ ముక్క మోషేకు చదివి వినిపించాను. "మీ యన్న జైల్లో కూసోని గూడా నా మీద మేస్త్రీ పని చేస్తాన్నాడే" అన్నాడు. అని, అప్పటికే ఛాసిస్ దగ్గరికి తెచ్చిన రాడ్డు పక్కన పెట్టి, రబ్బరు కోసం పాత టైరు వెతకడానికి పోయాడు. కాబట్టి నువ్వు అమ్మమన్నది నేను వినలేదు, బిగించమన్నది మాత్రం విన్నాను.

కింద అడ్డంగా, నిలువుగా ఇనుప ఛానళ్ళు పరిచి, వాటి మీద జారకుండా గీతలున్న దళసరి ప్లేటు వేస్తున్నాడు. దుకాణంలో నాకు పని లేనప్పుడల్లా రోడ్డు దాటి వెళ్ళి చూసొస్తున్నాను. మా ఓనరు నరసింహారావు గారికి ఇది వినోదం. "ఆడపిల్లలు బంగారం తూకం వేయించుకుంటారు, మా గోపిక ఇనుము తూకం వేయించుకుంటది" అని యూరియాకు వచ్చిన ప్రతి రైతుకూ చెప్తాడు. మొదటిసారి చెప్పినప్పుడు ఆయనకు వచ్చినంత నవ్వే ఇప్పటికీ వస్తోంది.

నీకు చెప్పనిది ఒకటుంది. ఈ బండికి పక్క చెక్కలుండవు. వెనక తలుపుండదు. ఒట్టి చదును బల్ల.

"ఇది బండా, అరుగా పాపా?" అన్నాడు మోషే. "చుట్టూ ఏమీ లేకుంటే దీని మీద ఏమేసుకుంటావు, పెండ్లి స్టేజీనా?"

"మార్కాపురం నుంచి పలక రాయి వేసుకుంటాం. గడ్డిమోపులు, ఎరువు బస్తాలు వేసుకుంటాం. తాళ్ళతో కట్టుకుంటాం."

"మరి మనుషులు?"

"మనుషులు కూర్చోలేకుండానే చేయమంటున్నా."

గ్రైండరు ఆపి నా వైపు చూశాడు. మళ్ళీ ఆన్ చేసి ప్లేటు అంచు గీకసాగాడు.

మిర్చి కోతలొస్తే ఏ బండి కనిపిస్తే ఆ బండి ఎక్కేస్తారు మనవాళ్ళు. అడిగితే నువ్వు కాదనలేవు. ఎప్పుడు కాదన్నావు గనక? అందుకని అడగడానికే వీల్లేని బండి చేయిస్తున్నాను.

మొన్న అంకాలమ్మ షాపు దగ్గరికి వచ్చింది. నాతో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి, వాళ్ళమ్మ పోయాక నాతో ఒక్క మాట ఆడలేదు. సంత సంచీ కింద పెట్టి ఇనుప బల్ల చుట్టూ తిరిగింది. వెనక మూల దగ్గర ఆగి, అక్కడ నుంచి ఈ చివరిదాకా జానలు పెట్టుకుంటూ వచ్చింది. పెదాలు కదులుతున్నాయి. "ఇంతేనా?" అంది. ఇంతే అన్నాను. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ వెనక మూల వాళ్ళమ్మ కూర్చున్న మూల. ఆ కొద్ది చోటులో అమ్మను వెతుక్కుంటోందనిపించి, మోషేకు కనబడకుండా ఆ పక్కకు పోయి ఏడ్చాను.

నీ మాట వినని చెల్లెలు,
గోపిక


జిల్లా జైలు,
20 సెప్టెంబర్ 2024

గోపికా,

పక్క చెక్కలు లేకుండా చేయిస్తున్నావా. బాగుంది. తాడు కట్టి మనిషిని చంపినోడికి తలుపు లేని బండే ఇవ్వాల. నేను రోడ్డు మీద పోతుంటే ఊరూరూ ఆగి చూసి, ఏందిరా ఈ బండికి చుట్టూ ఏమీ లేదు అని అడగాల. అడిగినోళ్ళకు పక్కనోళ్ళు కథ చెప్పాల. జడ్జిగారు వేసిన శిక్షకు ఫిబ్రవరి అని ఒక నెల ఉంది. నువ్వు ఇనుముతో చేయిస్తున్నదానికి ఏ నెలా లేదు.

నువ్వు చెడ్డగా తలచి చేయిస్తున్నావని కాదు. నీకు తెలియకుండానే నీ మనసులో ఉండేది బయటపడింది.

సరే, అది వదిలేయి. అంకాలమ్మ వచ్చి ఆ మూల చూసుకోని పోయిందని చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. వెలిగండ్లాయన నా కంచం ముందర కూసోని, "తినబ్బా, నీ వంట నువ్వే తినకుంటే మేమెట్ల తినాల?" అని ఎగతాళి చేస్తాన్నాడు. కింద రాసింది ఆమెకు చదివి వినిపించు. నువ్వు చదువుతూ మార్చొద్దు, బాగు చేయొద్దు.

అమ్మా అంకాలూ, నేను కేశవన్నను. గడియ ఊడిందని నాకు తెలుసు. సాయంత్రం చేయిద్దామనుకున్నా. నీకు తిట్టాలనిపిస్తే తిట్టు, మా అమ్మ ఎదురుగానే తిట్టు. నేను బయటికొస్తే మీ చేను దున్నుతా, మీ కట్టెలు కొడతా, ఏ పని చెప్పినా చేస్తా. నీ ముందర నిలబడితే మాత్రం పొమ్మనొద్దు.

అంతే. చదివినాక ఆమె ఏమన్నదో ఉన్నదున్నట్లు రాయి.

కేశవులు


అర్ధవీడు,
13 అక్టోబర్ 2024

అన్నా,

నీ ఉత్తరం వచ్చాక కొన్నాళ్ళు మోషే షాపు వైపు తలెత్తి చూడలేదు. ఆ బల్ల నీకు కాపలా అవుతుందనుకున్నాను. నువ్వు దాన్ని శిక్ష అనుకున్నావు. నా మనసులో ఉన్నది బయటపడిందన్నావే, నా మనసులో ఏముందో నాకు తెలియదని నువ్వు జైలు నుంచి చెప్పాలా? చాలా కోపమొచ్చింది. ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చదువు.

నీ మాటలు ఒక్క అక్షరం మార్చకుండా అంకాలమ్మకు చదివాను. వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. చదువుతున్నంతసేపూ చెయ్యి ఆపలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"మీ యన్న మంచోడే. కాదని ఎవరన్నారు? మా యమ్మ చేతి కూడు తిన్నోడు." ఒక గింజ నోట్లో వేసుకుంది. "ఇంతకీ బండికి పక్కలెప్పుడు పెడతారు?"

"పక్కలేంది?"

"అదేందే, పక్కలే. ఇంకో రెండు మూడు నెలల్లో మిర్చి కోతలు. పోయినేడు బండి దొరక్క సగం దినాలు ఇంట్లో కూసున్నాం. ఆ పొద్దు జానలేసి చూసినా గదా, మన వీధి ఆడోళ్ళం అందరం పడతాం. చుట్టూ ఇంత ఎత్తున ఇనప కమ్ములు పెట్టిచ్చు, సాలు."

నేను దుఃఖం అనుకున్నది సీట్ల లెక్క అన్నా. మనుషుల్ని చూడగానే చదివేస్తానని నాకు పెద్ద పేరు కదా ఇంట్లో!

"అంకాలూ, నీకేమైనా పిచ్చా? మీ అమ్మ ఆ బండిలోనే..."

"మా యమ్మ పోయింది గాబట్టే నేను కోతలకు పోతాండా. ఆమె తెచ్చే కూలి ఎవరు తేవాల? నువ్వు ఫ్యాను కింద కూసోని తెచ్చిస్తావా?"

"అది సరుకు బండి. మనుషుల్ని ఎక్కిస్తే నేరం. పక్కలు పెట్టను."

"ఆటోలో మమ్మల్ని ఒకరి మీద ఒకర్ని కుక్కుతారే, అది నేరం గాదా? మరి ఎవురికోసం చేయిస్తాన్నావే ఆ బండి?"

నీ కోసం అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. వాళ్ళ వాకిట్లో నిలబడి ఆ మాట ఎలా అనను?

మర్నాడు వీధి ఆడవాళ్ళంతా మన ఇంటికొచ్చారు. నేను కుదరదంటే కుదరదన్నాను. "పోదాం పాండ్రి. సదువుకున్న పిల్ల, గడ్డిమోపులనైతే ఎక్కించుకుంటాది గానీ మనల్నెందుకు ఎక్కించుకుంటాది?" అనేసి పోయారు. అమ్మ వాళ్ళకు మజ్జిగ కలిపి తెచ్చేసరికి వాకిలి ఖాళీ. ఆ చెంబు నా ముందు పెట్టి, "నువ్వే తాగు" అంది.

గోపిక


జిల్లా జైలు,
4 నవంబర్ 2024

పాపా,

పెట్టొద్దు. పక్కలు పెట్టొద్దు. ఎందుకు లేకుండా చేయించినావో ఇప్పుడు తెలిసింది, నేనే తప్పుగా అనుకున్నా. అట్లనే ఉంచు. ఆడోళ్ళు ఎన్ని అన్నా పడు. ఆ బండి మీద మనిషి ఎక్కితే నా మీద ఒట్టు.

ఇంకోటి అడుగుతా. అంకాలమ్మ నన్ను మంచోడన్నదని రాసినావు కదా. ఆ మాట ఎట్ల అన్నది? నవ్వుతా అన్నదా, ఊరికే అన్నదా? నువ్వు మొగాలు బాగా చూస్తావు, సరిగ్గా గుర్తు తెచ్చుకోని రాయి. ఆ జాబు అక్కడి దాకా మడిచి పెట్టుకున్నా. ఆ ముక్క వెలిగండ్లాయనకు గూడా చదివి వినిపించినా. "అయితే ఇంటికి పోతావన్నమాట" అన్నాడు.

కేశవులు


అర్ధవీడు,
10 జనవరి 2025

అన్నా,

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం నువ్వడిగిన ప్రశ్నే. అంకాలమ్మ నవ్వుతూ అనలేదు. ఏడుస్తూ కూడా అనలేదు. కాయలు ఒలుస్తూ అంది. అంతకు మించి ఆ మొహంలో నేనేదైనా చూశానని చెప్తే నమ్మకు. ఒకసారి చూసి ఏం చదివానో నీకు తెలుసు కదా.

బండి పని నవంబరులోనే అయిపోయింది. బూడిద రంగు వేయించాను. దాని మీదే డ్రైవింగు నేర్చుకున్నాను, లైసెన్సు కూడా వచ్చింది. మొదట్లో గేరు మార్చినప్పుడల్లా మోషే చెవులు మూసుకుని, "పాపా, అది గేరు బాక్సు, రోలు గాదు" అని అరిచేవాడు. రెండు సార్లు పలక రాయి తెచ్చాను, గడ్డి తోలాను. మిగతా రోజులు వాకిట్లోనే ఉంటోంది.

కోతలు మొదలయ్యాయి. వీధి పంపు దగ్గరికి నేను బిందె తీసుకుపోతే అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. తెల్లవారకముందే ఆటో వస్తుంది. లోపల ఒకరి ఒళ్ళో ఒకరు. అంకాలమ్మకు లోపల చోటుండదు. వెనక బంపరు మీద నిలబడి, ఒక చేత్తో పైన కడ్డీ, ఇంకో చేత్తో సద్ది గిన్నె.

సోమవారం కంభం చెరువు మలుపు దగ్గర ఆ ఆటో పక్కకు పడిపోయింది. ప్రాణాలు పోలేదు. ఆ మాట ముందే రాయాల్సింది, నువ్వు ఈ లైను దాకా ఎలా చదివావో ఏమో. అంకాలమ్మ కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది, మోచేతిదాకా తోలు లేచిపోయింది. రెండు రోజులు ఇంట్లో ఉంది. మూడో రోజు కట్టుతోనే మళ్ళీ అదే ఆటో వెనక నిలబడింది.

అమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లుతూ చూసింది. "దాన్ని చూడవే. కుడి చెయ్యి మెడకు కట్టుకోని ఎడం చేత్తో ఏలాడతాంది. మన ఇంట్లో ఇంత ఇనుము పెట్టుకున్నాం, కోళ్ళు పండుకోనీకి."

"అన్న ఒట్టు పెట్టాడమ్మా."

"వాని ఒట్టు వాళ్ళను మోస్తాదా?"

ఆటోవానికి ఎవరు చెప్తే వింటాడు? వద్దంటే వీళ్ళు మానుతారా? మానితే ఏం తింటారు? నాకు తెలిసిన చదువంతా ఈ మూడు ప్రశ్నల దగ్గర ఆగిపోయింది. ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

గోపిక


జిల్లా జైలు,
24 జనవరి 2025

పాపా,

ఒట్టు గట్టున పెడుతున్నా. పక్కలు పెట్టు. పెట్టేటప్పుడు మాత్రం నేను చెప్పినట్లే పెట్టు, మోషే సొంత తెలివి వాడొద్దని చెప్పు.

పై కమ్మి కూసున్న మనిషికి చంక కిందికి రావాల. తక్కువైతే మలుపులో నడుం దగ్గర మడతపడి బయటికి పోతారు. మరీ ఎత్తైతే చెయ్యి అందదు. మధ్యలో పొడుగునా ఇంకో కమ్మి వేయించు. అంచున కూసున్నోళ్ళకే పట్టు ఉంటుంది, నడిమధ్య ఉన్నోళ్ళకు ఏమీ ఉండదు. వాళ్ళు ఒరిగితే ఆ బరువంతా చివర ఉన్న మనిషి మీద పడుతుంది. కోటమ్మత్త మీద అట్లనే పడింది.

వెనక తలుపు పెట్టొద్దు. ఎంత మంచి గడియైనా వద్దు. ఆడ అడ్డంగా కమ్ములు పెట్టి వెల్డింగు చేసి మూసేయి. ఎక్కే దోవ ముందర, క్యాబిన్ పక్కన, ఎడమ దిక్కున పెట్టు, నీకు అద్దంలో కనపడేటట్లు. మెట్టు కిందికి పెట్టు, ముసలోళ్ళకు కాలు అందాల. నిలబడిన మనిషి ఒక్కరు కనపడినా బండి కదిలించొద్దు.

ఇవన్నీ రాస్తుంటే నా చేతులు తేలికయినాయి. ఈ పొద్దు పప్పు మాడగొట్టినా. అందరూ తిట్టినారు. తిట్టనీ.

పాపా, వాళ్ళే వచ్చి మన బండి అడిగినారంటే, నా మీద కోపం పోయినట్లే కదా? ఫిబ్రవరి ఇరవై రెండున నన్ను వదులుతారు. అంతదాకా నువ్వు నడుపు. ఆ తర్వాత నేను నడుపుతా. నలభై దాటను. అంకాలమ్మను ముందర సీట్లో కూసోబెడతా, ఆ చెయ్యి బాగయ్యేదాకా. అమ్మకు చెప్పు, నేను మన ఊరికే వస్తున్నానని. మొదటిసారి రాస్తున్నా ఈ మాట.

మీ కేశవులు


అర్ధవీడు,
9 ఫిబ్రవరి 2025

అన్నా,

నువ్వు చెప్పినట్లే చేశాడు మోషే. మధ్య కమ్మి ఎందుకని అడిగాడు. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివాను. ఆ తర్వాత ప్రతి అతుకునూ సుత్తితో కొట్టి చూస్తూ, ఆ రోజంతా ఒక్క జోకు కూడా వేయలేదు.

గురువారం తెల్లవారుజామున బండి తీశాను. అందరూ వచ్చారు గానీ ఎవరూ ఎక్కరు. ఒకరినొకరు చూసుకుంటున్నారు. అప్పుడు అమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో చేను ముఖం చూడని మనిషి, సద్ది కట్టుకుని వచ్చింది. "జరగండే. నా కొడుకు బండి. నేను ఎక్కకపోతే ఎవురెక్కుతారు?" అని మెట్టెక్కి, పాక్కుంటూ వెనక మూలకు పోయి కూర్చుంది. ఆ తర్వాత అందరూ ఎక్కారు.

అంకాలమ్మ చివర ఉంది. ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగింది.

"గోపికా, నువ్వు నడిపేది మీ యన్న వచ్చేదాకేనా?"

"అవును. ఇరవై రెండున వస్తున్నాడు."

కాలు కిందికి దించింది. అరవలేదు. మెల్లగానే అంది. "నా మనసులో ఏమీ లేదే. మా ఇంటికొస్తే మా యమ్మ పెట్టినట్లే అన్నం పెడతా. ఊరికి రావొద్దని ఎవురూ అనరు. కానీ ఆయన స్టీరింగు పట్టుకుంటే నాకు కాలు లేవదు. ఏం చెయ్యాల? లేవదు."

అలా కాదని బండిలో ఒక్కరన్నా అంటారేమోనని చూశాను. అమ్మ నా వైపు చూడలేదు. ఆమె కూడా అనలేదు.

నేనేమన్నానో తెలుసా అన్నా? "ఎక్కు, పొద్దెక్కుతోంది" అన్నాను. అంటే ఆమె అడిగిన దానికి సరేనన్నట్టే. నీ తరఫున, నిన్ను అడక్కుండా. ఆమె ఎక్కింది.

నువ్వు నడుపుతావని రాసిన ఉత్తరం నా దిండు కింద ఉంది. దీన్ని దాచి నిన్ను ఇంటికి రప్పించి, ఆ తర్వాత చెప్దామా అని కూడా ఆలోచించాను. రోజూ పొద్దున బండి దగ్గరికి నువ్వు వస్తే వాళ్ళు దిగిపోవడం నువ్వు కళ్ళతో చూడటం కంటే కాగితం మీద చదవడమే నయమనిపించింది. నయమో కాదో నాకు తెలియదు. నీ కోసం చేయించిన బండి నీకు కాకుండా పోయింది.

అయినా నువ్వు రా. చేనుంది. పలక రాయి పని ఉంది. ఏదో ఒకటి చేద్దాం. ఇరవై రెండున కోతలకు రానని చెప్పేశాను. జైలు గేటు దగ్గర ఉంటాను, బస్సులోనే వస్తాను. అమ్మ నీకు కొత్త లుంగీ కొనిపెట్టింది.

గోపిక


గిద్దలూరు,
25 ఫిబ్రవరి 2025

పాపా,

గేటు దగ్గరికి పోయి ఎదురుచూసి తిరిగొచ్చింటావు. తిట్టుకో. నన్ను ముందుగానే వదిలినారు. నీకు కబురు పెట్టలే.

ఇంటికి రావాలనే బస్సెక్కినా. నీ జాబు చదివినాక గూడా రావాలనే అనుకున్నా. కంభంలో దిగేసరికి ఇంకా తెల్లారలే. టీ అంగడి దగ్గర తువ్వాలు కప్పుకోని నిలబడి ఉంటే మన ఇంజను వినపడింది. నువ్వు మలుపుకు ముందే గేరు దించినావు. బాగా దించినావు. లైట్ల వెలుతురులో నన్ను దాటుకోని పోయినావు, రోడ్డు మీదే ఉంది నీ చూపు. అట్లనే ఉండాల.

వెనక వాళ్ళందరూ కూసోనే ఉన్నారు. అమ్మ ముసుగేసుకోని ఎవరి భుజం మీదనో కునికిపాట్లు పడుతోంది. చివర అంకాలమ్మ. నన్ను చూసింది, గుర్తు పట్టింది. చెయ్యెత్తి పిలుస్తాదేమో అనుకున్నా. లేకుంటే మొగం తిప్పుకుంటాదేమో అనుకున్నా. రెండూ చేయలే. కమ్మి పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లే. బండి కనపడినంతసేపూ చూస్తానే ఉన్నా.

నేను వచ్చి వాకిట్లో కూసుంటే, పొద్దున లేచి నువ్వు తాళాలు తీసుకునేటప్పుడు నా మొగం చూడలేవు. అంకాలమ్మ గూడా చూడలేదు. అమ్మ మన ముగ్గుర్నీ చూడలేదు. అంకాలమ్మ తప్పు కాదు, నీ తప్పు గూడా కాదు. నువ్వామెను ఎక్కమన్నది సరైన మాటే. నేనున్నా అదే అందును. తర్వాత వచ్చిన బస్సు గిద్దలూరుకు పోయేదైతే అదెక్కినా.

ఇక్కడ రైల్వే స్టేషను దగ్గర ఒక హోటల్లో వంటకు కుదిరినా. అమ్మకు చెప్పు, తిండికి ఇబ్బంది లేదు, వండేది నేనే అని. వెతుక్కుంటా రావొద్దు. వచ్చేటట్లయితే నేనే వస్తా. ఎప్పుడని మాత్రం అడగొద్దు.

ఎండలు ముదురుతున్నాయి. మధ్యాన్నం చేను దిగి వాళ్ళు ఎక్కే వేళకు ఆ ఇనప ప్లేటు పెనం మాదిరి కాలుతుంటుంది. కొంగు మడిచి కింద వేసుకోని కూసుంటారు గానీ నిన్ను అడగరు. గోనె పట్టాలు నీళ్ళలో ముంచి, వాళ్ళు ఎక్కకముందే పరుచు.

కేశవులు